పెట్టెలోనిది బండియా, విడిభాగములా?

సుంకమను మాట మన సీమకు క్రొత్తది కాదు. మడకశిర ప్రాంతమునకు దాదాపు మూడు దిక్కులను కర్ణాటకమే ఉన్నది. ఆ కొసనున్న అమరాపురములో తెలుగు, కన్నడము రెండును ఇంటి భాషలవలె వినవచ్చును. ఆ మండలములోని హేమావతి ఒకప్పుడు నొళంబరాజుల రాజధాని. నాడు దానిని హెంజేరు అనెడివారు. 1565లో విజయనగరము పతనమైన తరువాత పెనుకొండ రాజధాని అయినది. ఏలికలు మారినప్పుడెల్ల ఈ త్రోవలపై సరిహద్దులు మారినవి. సరిహద్దులతోపాటు సుంకపు ఠాణాలును మారినవి. 1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తము చేసిన పిమ్మట కూడ లోనాటి బాటసుంకములు వెంటనే పోలేదు. చెన్నపట్టణపు రాజధానిలో వానిని రద్దుచేసిన చట్టము 1844లో గాని రాలేదు.

సుంకరిని గూర్చి మన పెద్దలకు మంచి అనుభవమే ఉండెడిది. సుంకరి దగ్గర సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అను సామెత ఆ అనుభవములో పుట్టినదే. సంస్కృతములో ఘట్టకుటీప్రభాతన్యాయమని మరియొకటి కలదు. ఒక వర్తకుడు సుంకము తప్పించుకొనవలెనని రాత్రి అంతయు అడ్డదారుల తిరిగి తిరిగి, తెల్లవారునప్పటికి సరిగా సుంకపు పాక ముందరనే తేలినాడట. ఈ ప్రసంగమున మేము చెప్పబోవు కథలో ఆ వర్తకునికి వారసులు కొందరున్నారు. అయితే వారు బండి త్రోవను మార్చలేదు. బండినే విప్పి, వేరు వేరు పెట్టెలలో పంపినారు. అట్లు వచ్చినదానిని బండి అనవలెనా, విడిభాగములనవలెనా? ఈ ఒక్క ప్రశ్న డెబ్బది ఏండ్లుగా మన దేశములో సుంకాధికారులను, వర్తకులను, న్యాయమూర్తులను శ్రమపెట్టుచున్నది. దాని తాజా అధ్యాయము మన పెనుకొండ దగ్గరనే వ్రాయబడినది.

మొదట సుంకము ఎట్లు నిర్ణయింపబడునో చూతము. ఓడపై గాని, విమానములో గాని సరకు వచ్చినప్పుడు అధికారి మూడు ప్రశ్నలు వేయును. ఈ వస్తువు పేరేమి? దీని విలువ యెంత? దీనిని తెచ్చుకొనుటకు అనుమతి కలదా? ఈ మూడింటిలో మొదటిదే కీలకము. పేరును బట్టియే సుంకపు రేటు నిర్ణయమగును, పేరును బట్టియే అనుమతి వచ్చును. నూలు నూలే, బెల్లము బెల్లమే. వాని పేరు విషయమున తగవు రాదు. కాని యంత్రము సంగతి వేరు. విప్పినచో అది వంద వస్తువులు, బిగించినచో ఒకటే వస్తువు.

స్కూటరు పుట్టినది రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన వెంటనే, ఇటలీలో. 1946లో పియాజియో వారి వెస్పా, 1947లో మిలానులోని ఇన్నొచెంటి వారి లాంబ్రెట్టా వెలువడినవి. కొలది యేండ్లకే రెండును మన దేశమునకు వచ్చినవి. బచ్‌రాజ్ ట్రేడింగ్ కార్పొరేషను అను సంస్థ బయటినుండి తెప్పించిన ద్విచక్ర, త్రిచక్ర వాహనములను 1948 నుండి అమ్మినది. అదే తరువాతి బజాజ్ ఆటో. లాంబ్రెట్టాను బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు విడిభాగములుగా తెప్పించి ఇక్కడ బిగించి అమ్మినారు.

ఇట్లు బిగించి అమ్ముటలో ఒక లెక్క ఉన్నది. పూర్తి బండి పెట్టె కంటె విప్పిన బండి పెట్టె చిన్నది, కావున ఓడకూలి తక్కువ. బిగించు పని ఇక్కడి కార్మికునికి దొరకును. అందుచేత ప్రభుత్వములు సాధారణముగా పూర్తి బండికి హెచ్చు సుంకమును, విప్పిన బండికి అంతకు తక్కువను, విడిభాగమునకు మరియు తక్కువను విధించుచు వచ్చినవి. ఈ మూడు మెట్లు దేశములో పరిశ్రమను పెంచుటకు కట్టినవే. కాని మెట్లున్నచోట క్రిందిమెట్టుపై నిలుచుటకు ప్రయత్నించువారును ఉందురు.

స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే, 1947లో, దిగుమతి ఎగుమతుల నియంత్రణ చట్టము వచ్చినది. సుంకము చెల్లించిన మాత్రమున సరకు తెచ్చుకొనుటకు వీలులేకపోయినది, లైసెన్సు ఉండవలెను. ఏ వస్తువును ఎవరు ఎంత తెప్పింపవచ్చునో తెలుపు విధాన గ్రంథము ఆరునెలలకొకటి వెలువడెడిది. వర్తకులు దానిని ఎర్రపుస్తకమనెడివారు. 1953లో టారిఫ్ కమిషను మోటారు పరిశ్రమను పరిశీలించి, స్వయముగా తయారుచేయు ప్రణాళిక లేక కేవలము భాగములు తెచ్చి బిగించెడి సంస్థలకు ఇక చోటు లేదని సూచించినది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు మన దేశమున తమ బిగింపు శాలలను మూసికొన్నవి ఆ తరువాతనే. రెండవ పంచవర్ష ప్రణాళిక తొలినాళ్లలో, 1956, 57 సంవత్సరములలో, విదేశ మారకద్రవ్యము త్వరత్వరగా కరగిపోయినది. నియమములు మరింత బిగిసినవి.

సరిగా ఆ దినములలోనే మన ప్రశ్న మొట్టమొదట గట్టిగా తలయెత్తినది. తారాచంద్ గుప్తా అండ్ బ్రదర్స్ అను సంస్థకు మోటారుసైకిళ్ల, స్కూటర్ల విడిభాగములను, ఉపకరణములను తెప్పించుకొనుటకు 1956లో లైసెన్సు లభించినది. సరకు రెండు ఓడలలో, రెండు విడతలుగా వచ్చినది. ఒక్కొక్క విడతలో పదిహేడు పెట్టెలు. సుంకాధికారి రెండు విడతల పెట్టెలను కలిపి లెక్కించి, వీనిని బిగించినచో 51 రిక్సె మోపెడ్లు తయారగునని తేల్చినాడు. పూర్తి బండ్లకు వేరు లైసెన్సు కావలెను, అది మీ వద్ద లేదు, కావున సరకు జప్తు, విడిపించుకొనవలెనన్నచో ఇంత సొమ్ము చెల్లింపుడు అని ఉత్తరువు చేసినాడు.

ఇరుపక్షముల వాదమును తూచి చూడుడు. అధికారి మాటలో న్యాయము లేకపోలేదు. ముప్పదినాలుగు పెట్టెలలోని భాగములు ఏబదియొక్క బండ్లకు సరిపోవుట కాకతాళీయము కాజాలదు. వర్తకుని మాటలోను న్యాయము లేకపోలేదు. ఆ పెట్టెలలో టైర్లు లేవు, ట్యూబులు లేవు, కూర్చుండుటకు సీట్లు లేవు. చక్రమునకు టైరు లేని దానిని బండి యనుట ఎట్లు? పైగా లైసెన్సులో విడిభాగములు తెచ్చుకొనవచ్చునని ఉన్నదే గాని, అన్ని విడిభాగములను ఒకేసారి తేరాదని ఎక్కడను లేదు.

తగవు న్యాయస్థానములకెక్కి చాలకాలము నడచినది. 1971లో సుప్రీంకోర్టు వర్తకుని పక్షమున తీర్పు చెప్పినది. దాని సారాంశమిది: అధికారి చూడవలసినది తన ముందున్న వస్తువులు లైసెన్సులో చెప్పిన విడిభాగములా, కావా అని మాత్రమే. వేరు వేరుగా వచ్చిన సరకులను తన మనస్సులో కలిపి, బిగించి, అది బండి యైనదని చెప్పుట అతని అధికారములోనిది కాదు. నియమము వ్రాసినవారు అట్టి నిషేధమును కోరినచో దానిని నియమములోనే వ్రాయవలసి యుండెను. అయితే విచారింపుడు: సరకు వచ్చినది 1950 దశకమున, తీర్పు వచ్చినది 1971లో. ఈ మధ్యకాలములో ఇటలీ స్కూటర్లు మన దేశములోనే తయారగుటకు మొదలిడినవి, సుంకముల చట్టము మారినది. 1878 నాటి సముద్ర సుంకముల చట్టము స్థానే 1962 నాటి సుంకముల చట్టము వచ్చినది. గెలిచినవానికి న్యాయము దక్కినది గాని, కాలము దక్కలేదు.

ఆ కాలములో సామాన్యుని స్కూటరు సంగతి యేమి? బజాజ్ వారికి 1959లో తయారీ లైసెన్సు లభించినది. 1960లో స్కూటర్ల పంపిణీ, అమ్మకముల నియంత్రణ ఉత్తరువు వచ్చినది. బండి కావలసినవాడు పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చినది. విదేశముల నున్న బంధువుచేత విదేశ ద్రవ్యము కట్టింపగలిగినవానికి మాత్రము బండి వరుస తప్పించుకొని ముందుగా లభించెడిది. ఇంత కష్టపడి సంపాదించిన బండికి ఒక బేరింగో, పిస్టనో అరిగిపోయినప్పుడు అసలు సరకు దొరకకున్నచో, ఊరిలోని మెకానికే దిక్కు. లేతు యంత్రముపై బుష్షు త్రిప్పించుట, సిలిండరును రీబోరు చేయించుట, ఒక బండి భాగమును మరొక బండికి తగునట్లు అరగదీయుట—ఈ విద్యలన్నియు ఆ కొరత నేర్పినవే. సరిహద్దు దగ్గర నున్న మన పట్టణములకు బెంగుళూరు అంగళ్లు కొంత ఆదుకొన్నవి. దిగుమతి నియమములు ఢిల్లీలో వ్రాయబడినను, వాని ఫలము చిన్న పట్టణపు షెడ్డులో, నూనె మరకల నడుమ కనబడెడిది.

ఈ కట్టుబాటు వలన మేలు జరుగలేదనుట కూడ సరికాదు. బయటి భాగము దుర్లభమగుటచే దేశములో భాగములు చేయు కర్మాగారములు పెరిగినవి. పియాజియోతో బజాజ్ వారి ఒప్పందము 1971లో ముగిసినను వారి స్కూటర్లు ఆగలేదు. 1972లో భారత ప్రభుత్వము లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థను స్థాపించి, ఇన్నొచెంటి వారి లాంబ్రెట్టా యంత్రసామగ్రిని ఇటలీనుండి తెప్పించినది. మన హైదరాబాదునుండి ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరు వచ్చినది. కొంతకాలమునకు ఒక విచిత్రము జరిగినది. ఇటలీలో లాంబ్రెట్టా తయారీ నిలిచిపోగా, ఇంగ్లండులోని పాతబండ్ల అభిమానులు తమకు కావలసిన విడిభాగములకు భారతదేశము వైపు చూచినారు. ఒకనాడు పెట్టెలలో మనకు వచ్చిన బండి, పెట్టెలలోనే తిరుగుప్రయాణము కట్టినది.

ఇక నియమము సంగతి. 1971 తీర్పు వర్తకులకు ఊరట నిచ్చినది. కొందరికి ఉపాయము కూడ నేర్పినది. వస్తువును పెట్టెలుగా పంచినచో చాలునని వారనుకొన్నారు. కాని 1990లో సుప్రీంకోర్టు ముందుకు మరియొక తగవు వచ్చినది. బెంగుళూరిలోని షార్ప్ బిజినెస్ మెషీన్స్ అను సంస్థ నకలు తీయు యంత్రములను విప్పి, మూడు భాగములుగా తెప్పించినది. ఈసారి న్యాయస్థానము వర్తకుని నమ్మలేదు. వేరు వేరు పత్రములు వేసినను యథార్థమున వచ్చినవి పూర్తి యంత్రములే, ఈ విభజన నియమమును దాటుటకు పన్నిన ఉపాయమే అని తేల్చినది. రెండు తీర్పులను ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో ఒక సంగతి తెలియును. పెట్టెలో ఏమున్నదని మొదటి తీర్పు అడిగినది. పెట్టెలు అట్లు ఎందుకు పంచబడినవని రెండవది అడిగినది.

ఈలోగా ప్రపంచమంతటికి వర్తించునట్లు వస్తువుల పేర్లకు అంకెలు వచ్చినవి. ఆ పద్ధతి అంతర్జాతీయముగా 1988లో అమలునకు వచ్చినది. మన సుంకపట్టికను 1986లోనే దానికి అనుగుణముగా మార్చినారు. అందు 8711 అనగా మోటారుసైకిళ్లు, స్కూటర్లు, మోపెడ్లు. 8714 అనగా వాని విడిభాగములు. విప్పివేసిన వస్తువును గూర్చి ఆ పద్ధతిలోనే ఒక సూత్రము చేర్చినారు: అసంపూర్ణముగా ఉన్నను, బిగింపకున్నను, పూర్తి వస్తువు యొక్క ముఖ్యలక్షణము దానిలో ఉన్నచో దానిని పూర్తి వస్తువుగనే ఎంచవలెను. 1971లో న్యాయమూర్తులు నియమములో లేదన్న మాట ఈ రూపమున వచ్చి చేరినది. కాని ముఖ్యలక్షణ మనగా నేమి? టైరు లేకున్నను బండియేనా? ఇంజను లేకున్నచో? ప్రశ్న పోలేదు, చోటు మార్చుకొన్నది.

1991 తరువాత లైసెన్సుల కట్టు సడలినది. 2001 ఏప్రిలు 1 నాటికి దిగుమతులపై మిగిలిన పరిమాణ నిర్బంధములు చాలవరకు తొలగినవి. నేడు ఇంట దాచుకొన్న పాత వెస్పాకో, లాంబ్రెట్టాకో ఇటలీనుండి గాని ఇంగ్లండునుండి గాని భాగములు తెప్పించుకొనుట సామాన్యునికి సాధ్యమే. అయితే సుంకరి మూడు ప్రశ్నలు అట్లే ఉన్నవి.

మొదటిది పేరు. స్కూటరు భాగములన్నియు 8714లో ఇమిడిపోవునని తలంచుట పొరపాటు. పిస్టను ఇంజను భాగముగా 8409లోనికి పోవును. బేరింగు 8482, స్పార్కు ప్లగ్గు 8511, టైరు 4011. ఒకే పొట్లములోని నాలుగు వస్తువులకు నాలుగు రేట్లు ఉండవచ్చును. బిల్లుపై స్కూటరు సామానులని ఒక్క మాట వ్రాసినచో చిక్కులు వచ్చునది ఇందువలననే. ప్రతి భాగము పేరును, సంఖ్యను, ధరను విడివిడిగా వ్రాయించుట మేలు.

రెండవది విలువ. సుంకము కొన్న ధరపై మాత్రమే కాదు, రవాణాకూలిని, భీమాను కలిపిన మొత్తముపై లెక్కింపబడును. ఉదాహరణకు ఆ మొత్తము 10,000 రూపాయలు, సుంకము నూటికి 15 అనుకొందము. సుంకము 1,500. దానిపై 2018 నుండి వచ్చిన సాంఘిక సంక్షేమ అదనపు సుంకము పదవవంతు, అనగా 150. ఇప్పుడు మొత్తము 11,650. దీనిపై వస్తుసేవల పన్ను నూటికి 18 వంతున 2,097. వెరసి 13,747 రూపాయలు. మోటారు భాగములపై ఈ పన్నును 2025 సెప్టెంబరు 22 నుండి ఏకముగా నూటికి 18 చేసినారు. అంతకుముందు 28 ఉన్న భాగములకు ఇదే లెక్క 14,912 అయ్యెడిది. సుంకముపై పన్ను పడుటను గమనింపుడు. పదునైదు, పదునెనిమిది కలిపి ముప్పదిమూడని కూడుకొన్నవాడు కడపట నాలుగు వేలకు దగ్గర సొమ్ము కట్టవలసి వచ్చినప్పుడు ఆశ్చర్యపడును.

మూడవది అనుమతి. క్రొత్త భాగములకు లేని నిర్బంధము వాడిన పాత భాగములకు కలదు. వానికి ప్రత్యేకానుమతి అవసరము. పాతబండి మరమ్మతుచేయువానికి కావలసినది తరచుగా పాత భాగమే కావున ఈ నియమము అతనికి గట్టిగా తగులును. విదేశములనున్న పిల్లలు కానుకగా పంపినచో సుంకము పడదను నమ్మకము కూడ ఇక పనికిరాదు. 2019 డిసెంబరులో వచ్చిన ఉత్తరువు ప్రకారము, తపాలా ద్వారమున కానుక పేరిట సుంకము లేకుండ రాదగినవి ప్రాణరక్షక ఔషధములు, రాఖీలు మాత్రమే.

ఇప్పుడు పెనుకొండకు వత్తము. కొరియా దేశపు కియా సంస్థ 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారమును నిర్మించినది. 2019లో ఉత్పత్తి ఆరంభమైనది. వర్షము తక్కువైన ఈ నేలకు అది పెద్ద ఆధారము. అక్కడ తయారగు కార్నివాల్ అను పెద్ద కారు భాగములను గూర్చి 2024లో సుంకశాఖ సంస్థకు నోటీసు ఇచ్చినట్లు 2025 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించినది. విప్పిన కారుగా చూపవలసిన దానిని వేరు వేరు విడతలుగా, వేరు వేరు రేవులలో దించి, తక్కువ సుంకపు విడిభాగములుగా చూపినారనుట ఆరోపణ. అడిగిన మొత్తము సుమారు పదునైదున్నర కోట్ల డాలర్లు. సంస్థ ఆరోపణను అంగీకరింపలేదు. తగిన పత్రములతో సమాధానమిచ్చితిమని తెలిపినది. ఫోక్స్‌వాగన్ సంస్థకు కూడ 2024లో ఇట్టి నోటీసే, నూటనలుబది కోట్ల డాలర్లకు, వచ్చినది. వారు బొంబాయి హైకోర్టునకు వెళ్లినారు. ఎవరిది ఒప్పు అని చెప్పుట మా పని కాదు. ముప్పదినాలుగు పెట్టెల మోపెడ్ల తగవునకును, కోట్ల డాలర్ల కార్ల తగవునకును ప్రశ్న ఒకటే యని చూపుట మాత్రమే మా ఉద్దేశము.

ఈ ప్రశ్న ఎందుకు తెగదు? సుంకము అనునది ఒకరికి కంచె, మరొకరికి అడ్డు కావుటయే దానికి కారణము. ఇందుకు మరొక ఉదాహరణ మన జిల్లాలోనే కలదు. హిందూపురములో పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్నది, ధర్మవరములో పట్టుమగ్గములున్నవి. బయటి ముడిపట్టుపై సుంకము హెచ్చినచో గూళ్లు పండించు రైతు సంతోషించును, నేతగాడు దిగులుపడును. 2011లో ఆ సుంకము నూటికి 30 నుండి 5కు తగ్గినది; 2013లో 15కు పెరిగినది. రెండుసార్లును ఈ రెండు పట్టణములలో ఒకచోట వెలుగు, మరొకచోట చీకటి. స్కూటరు భాగముల విషయమున కూడ భాగములు చేయువాడు కంచె కోరును, బండి నడుపువాడు త్రోవ కోరును. ఇద్దరును మనవారే.

ఏలికలు వానిని న్యాయముగా తూచవలెనన్నచో నియమము స్పష్టముగా ఉండవలెను. తగవు తేలుటకు పదునైదేండ్లు పట్టెడి నియమము రైతుకు గాని, వర్తకునికి గాని, కర్మాగారమునకు గాని ధైర్యమునీయజాలదు. రాష్ట్రముల సరిహద్దున ఈ పాఠము కొంతవరకు నేర్చుకొన్నాము. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగినవి. చిలమత్తూరు దగ్గర కొడికొండ చెక్‌పోస్టు పేరు ఊరి గుర్తుగా నిలిచినను, సరకు లారీలు పన్ను పత్రములకొరకు అచ్చట బారులుదీరవలసిన అవసరము పోయినది. రేవులలోని సుంకమునకు అట్టి సులువైన విడుదల లేదు. ఉండుటకు వీలును లేదు. పెట్టె తెరచినప్పుడు దానిలోని వస్తువునకు ఒకే పేరు ఉండునట్లు చూచుట మాత్రము సాధ్యమే. రాత్రి అంతయు అడ్డదారుల తిరిగిన వర్తకుని చూచి మనము నవ్వుదుము. సుంకపు పాక ఎక్కడున్నదో, ఎంత కట్టవలెనో ముందుగా స్పష్టముగా తెలిసియున్నచో, అతడు పగలే రాజమార్గమున వచ్చియుండునేమో అనునదియు ఆలోచింపదగిన సంగతియే.